మోటారు అదిరితే

జగ్గయ్యపేట వాళ్లకు కృష్ణానది కొత్త కాదు. వేదాద్రి ఘాట్లో మెట్లు దిగితే పాదాలు తడుస్తాయి, ముక్త్యాల కోట కిందే నది పారుతుంది. అయినా ఆ ఊళ్ల వెనక పొలాలను మెట్ట అనే అంటారు. నది దూరమై కాదు, పల్లమై. నీరు కిందుంది, చేను పైనుంది. 1855 నాటికి విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయినప్పుడు కాలువలు సముద్రం వైపు సాగి దిగువ మాగాణిని తడిపాయి. ఆనకట్టకు ఎగువన ఉన్న నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు మాత్రం మున్నేరు, పాలేరు, వైరా లాంటి వాగులనూ చెరువులనూ వానలనూ నమ్ముకునే ఉండిపోయాయి. ఈ లోటు తెలిసినవాడు గనుకే ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ నాగార్జునసాగర్ కోసం అంతగా పట్టుబట్టారు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన, 1967లో కాలువలకు నీరు. ఆ ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం దాటి చిట్టచివర ఈ మెట్టకు చేరుతుంది. చివరి భూములకు నీరు చివరికే వస్తుంది, కొన్నేళ్లు అసలు రాదు.

కాబట్టి ఇక్కడి సేద్యం చరిత్రంతా నీళ్లను ఎత్తడం చరిత్రే. ఏతాం తొక్కారు, మోట తోలారు, మున్నేరు గట్టున ఆయిల్ ఇంజను దడదడలాడించారు, తర్వాత కరెంటు మోటారు పెట్టారు. ఎత్తే యంత్రం మారిన ప్రతిసారీ ఒక పాత కష్టం తీరింది, ఒక కొత్త అదురు పుట్టింది. పంపు అంటే నీళ్లు తోడే యంత్రమని అందరికీ తెలుసు. మనం ఇచ్చిన శక్తిలో కొంత నీటిలోకి పోకుండా దారి తప్పి ఇనుములోకి, కాంక్రీటులోకి, బేరింగులోకి పోతుందనీ, గత నూట యాభై ఏళ్లలో పంపు బాగుపడిందంటే చాలావరకు ఆ దారి తప్పిన శక్తిని పట్టుకోవడం వల్లేననీ మాత్రం అంతగా అనుకోం. ఈ అధ్యాయం ఆ సంగతి గురించి.

ముందుగా ఒక హద్దు చెప్పుకోవాలి. పంపు నీటిని పీల్చుకుంటుందని అంటాం గానీ నిజానికి పీల్చుకోదు. పంపు లోపల గాలి పీడనం తగ్గితే, బావిలో నీటిపై ఉన్న వాతావరణం నీటిని పైకి తోస్తుంది. ఆ తోపుకు ఓ లెక్క ఉంది. నీరు ఎంత ప్రయత్నించినా ఒక ఎత్తుకు మించి ఎక్కదని గెలీలియో 1638 నాటి పుస్తకంలో రాశాడు. కారణం చెప్పింది ఆయన శిష్యుడు టారిచెల్లి. సముద్రమట్టంలో ఆ ఎత్తు 10.3 మీటర్లు. అది కాగితం మీద. పొలంలో అయితే ఫుట్ వాల్వు ఒరిపిడి, పైపు వంపులు, ఎండకు వేడెక్కిన నీటి ఆవిరి పీడనం అన్నీ పోగా ఆరేడు మీటర్లు దక్కితే గొప్ప. ఫిబ్రవరి దాటాక బావి నీటిమట్టం తగ్గిపోతే రైతు చేసే పని, మోటారును బావిలోపలికి గూడు కట్టి దించడం. ఎందుకు దించాలో ఆయన పుస్తకం చదివి తెలుసుకోలేదు, పంపు మోత విని తెలుసుకున్నాడు.

ఆ మోత సంగతి చూద్దాం. పంపులోకి నీరు చాలినంత పీడనంతో రాకపోతే ఇంపెల్లర్ రెక్కల వెనక పీడనం బాగా పడిపోతుంది. అక్కడ నీరు మామూలు వేడిలోనే మరిగి బుడగలవుతుంది. ఆ బుడగలు కొంచెం ముందుకు జరిగి ఎక్కువ పీడనంలోకి రాగానే ఒక్కసారిగా కూలిపోతాయి. చుట్టూ ఉన్న నీరు నాలుగు వైపుల నుంచి ఆ ఖాళీలోకి దూకి ఢీకొంటుంది. ఆ దెబ్బ ఎంతటిదో 1917లో రేలీ ప్రభువు లెక్క కట్టి చూపాడు. బుడగ కూలే చివరి క్షణంలో ఆ చిన్న చోట పీడనం వాతావరణ పీడనానికి వందల, వేల రెట్లు ఉండగలదు. ఇంగ్లండు యుద్ధనౌకల ప్రొపెల్లర్లు తినేసినట్టు కావడంతో పుట్టిన పరిశోధన అది. పైకి వినిపించేది పంపులో కంకర పోసి తిప్పుతున్నట్టు కరకర. కొన్ని నెలలు అలా నడిచిన ఇంపెల్లర్‌ను విప్పితే రెక్క అంచులు గుంటలు పడి ఉంటాయి. ఇసుక తిన్న గుర్తు వేరు, నున్నగా అరిగిపోతుంది. బుడగ తిన్న గుర్తు మాత్రం చిల్లులుచిల్లులుగా ఉంటుంది. అనుభవం ఉన్న మెకానిక్ ఈ తేడాను వేలితో తడిమి చెప్పేస్తాడు.

2004లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇచ్చాక, దాన్ని పొందే రైతు పెట్టుకోవలసిన వాటిలో నాలుగింటిని నిర్దేశించారు: ఒరిపిడి తక్కువ ఫుట్ వాల్వు, కెపాసిటర్, ఐఎస్ఐ మార్కు పంపు, ఇనుప పైపులకు బదులు హెచ్‌డీపీఈ లేదా గట్టి పీవీసీ పైపు. ఎంతమంది పాటించారన్నది వేరే చర్చ. ఇంజనీరింగ్ దృష్టిలో మాత్రం అది చాలా తెలివైన జాబితా అని నా అభిప్రాయం. ఇందులో మోటారు శక్తిని పెంచే వస్తువు ఒక్కటీ లేదు. నీరు పంపు దాకా ఇబ్బంది పడకుండా రావడం మీదే సగం శ్రద్ధ పెట్టింది. సన్నని ఇనుప పైపు, మూలల్లో ఎల్బోలు, ఇరుకు కళ్ల ఫుట్ వాల్వు ఉన్న చోట 5 హెచ్‌పీ తీసి 7.5 హెచ్‌పీ పెడితే నీరు కాస్త పెరుగుతుంది, బుడగలు అంతకంటే ఎక్కువ పెరుగుతాయి.

ఇంపెల్లర్ రెక్క వంపు గురించి కూడా ఒక మాట. అపకేంద్ర పంపు ఆలోచన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దెనీ పాపిన్ కాలం నుంచే, అంటే 1689 నుంచే ఉంది. అది ఆట వస్తువు స్థాయి దాటి పనికొచ్చే యంత్రమైంది 1851లో, లండన్ మహా ప్రదర్శనలో. జాన్ ఆపోల్డ్ అక్కడ మూడు రకాల రెక్కలను పక్కపక్కన పరీక్షకు పెట్టాడు. నిటారు రెక్కల పంపు సామర్థ్యం 24 శాతం, ఏటవాలు తిన్నని రెక్కలకు 43, వెనక్కి వంచిన రెక్కలకు 68. మోటారు అదే, నీరు అదే, రెక్క వంపు ఒక్కటే తేడా. నిటారు రెక్క నీటిని అడ్డంగా కొడుతుంది, సుళ్లు రేపుతుంది. వంచిన రెక్క మీదుగా నీరు తన దారిన జారిపోతుంది. మిగిలిన శక్తి అంతా ఇంతకుముందు ఎక్కడికి పోయిందంటారా? కొంత వేడిగా, కొంత మోతగా.

మన దేశంలో ఈ యంత్రం పల్లెకు చేరడంలో తెలుగు మాట్లాడే కుటుంబాల పాత్ర పెద్దది. కోయంబత్తూరులో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి 1937లో తొలి భారతీయ ఎలక్ట్రిక్ మోటారును తయారు చేశారు. ఆ ఊరు ఆ తర్వాత పంపుల నగరమైంది. నందిగామ బస్టాండు దగ్గర మోటారు రిపేరు షాపులో ఈనాటికీ గోడకు వేలాడే బోర్డుల్లో సగం కోయంబత్తూరు పేర్లే కనిపిస్తాయి.

బావులు ఎండి బోర్లు వచ్చాక హద్దు మళ్లీ ఎదురైంది. వంద అడుగుల లోతు నుంచి తోపుతో నీరు రాదు కాబట్టి పంపే నీటి దగ్గరికి దిగాలి. రష్యా వదిలి అమెరికా చేరిన ఆర్మయిస్ అరుతునోఫ్ 1920ల్లో నూనె బావుల కోసం మోటారును కూడా పంపుతో పాటే ద్రవంలో ముంచేశాడు. ఇవాళ మన సబ్‌మెర్సిబుల్ దాని వారసుడే. ఇది అదురు విషయంలో ఒక వరం. పంపూ మోటారూ ఒకే పొట్టి గొట్టం, చుట్టూ నీరు, నీరే చల్లబరుస్తుంది, నీరే అదురును కొంత మింగుతుంది. పైన నిలబడ్డవాడికి ఏమీ వినపడదు. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. చెవికి అందని రోగాన్ని బోరు ఎత్తి చూస్తే తప్ప తెలుసుకోలేం. వాడేవాళ్లకు మిగిలే గుర్తు స్టార్టర్ బాక్సులో ఆంపియర్ ముల్లు ఒక్కటే. అది ఊగుతుంటే కింద గాలి పీలుస్తోందన్నమాట.

నది ఒడ్డున ఇంకో రకం చిక్కు. 2023 జులైలోనూ 2024 సెప్టెంబరు మొదట్లోనూ మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీదికి వచ్చింది, బస్సులు ఆగిపోయాయి. రోడ్డు మీదికే వచ్చిన వాగు ఒడ్డు మోటార్లను వదులుతుందా? పెద్ద ఎత్తిపోతల పథకాలకు అయితే ఈ ప్రశ్న ప్రాణం మీదిది. నది ఎండాకాలంలో పాతాళంలో ఉంటుంది, వరదలో గట్టు తాకుతుంది. ఇంపెల్లర్ ఎప్పుడూ నీటిలో మునిగి ఉండాలి, మోటారు ఎప్పుడూ తడవకూడదు. దీనికి ఇంజనీర్లు ఎంచుకున్న జవాబు నిలువు టర్బైన్ పంపు. ఇంపెల్లర్లు కింద సంపులో, మోటారు వరద మట్టానికి పైన పంప్‌హౌస్ అంతస్తులో, రెండింటి మధ్య పొడవైన ఇరుసు. 2015లో మొదలైన పట్టిసీమలో గోదావరిని ఎత్తి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలపడానికి 24 పంపులు పెట్టారు. మొత్తం 8,500 క్యూసెక్కులు. ఒక్కో పంపు వాటా 354 క్యూసెక్కులు, అంటే సెకనుకు పది టన్నుల నీరు. జగ్గయ్యపేట వైపే వేదాద్రి దగ్గర కృష్ణ నుంచి ఎత్తి సాగర్ కాలువ చివరి భూములకు, 38 వేల పైచిలుకు ఎకరాలకు నీళ్లివ్వాలన్న పథకానికి 2020 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది.

నిలువు పంపుతో నీటి చిక్కు తీరింది, అదురు చిక్కు మొదలైంది. టన్నుల బరువున్న మోటారు ఒక ఇనుప కుర్చీ మీద ఎత్తుగా నిలబడి ఉంటుంది. తల బరువైన తాటిచెట్టు గాలికి ఊగే తీరులో ఆ మొత్తం కట్టడానికీ తనదైన ఊపు ఒకటి ఉంటుంది. సెకనుకు ఇన్నిసార్లు ఊగాలని దాని గట్టిదనమూ బరువూ కలిసి నిర్ణయిస్తాయి. దాన్నే సహజ పౌనఃపున్యం అంటారు. నిమిషానికి 1,480 చుట్లు తిరిగే మోటారు సెకనుకు దాదాపు 25 సార్లు చిన్న తోపు ఇస్తుంది. కట్టడం సహజపు ఊపు కూడా 25 దగ్గరే ఉంటే ప్రతి తోపూ ముందు తోపుకు తోడవుతుంది. ఇదే అనునాదం. తోపు చిన్నదే, అది వచ్చిన వేళ వల్ల పెద్దదవుతుంది.

ఆ చిన్న తోపు ఎక్కడిదంటే, ఏ యంత్రమూ నూటికి నూరుపాళ్లు సమతూకంగా ఉండదు. ఇంపెల్లర్ ఒక పక్క 10 గ్రాముల బురద గట్టిపడిందనుకోండి, ఇరుసు నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో. నిమిషానికి 2,900 చుట్ల వేగంలో ఆ పదిగ్రాములు ఇరుసును తొమ్మిది కిలోల బరువుతో ప్రతి చుట్టులోనూ అన్ని దిక్కులకూ లాగుతాయి. వేగం సగమైతే లాగుడు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే పెద్ద పంపులను నెమ్మదిగా తిప్పుతారు, ఇంపెల్లర్లను ముందే బ్యాలెన్సింగ్ యంత్రం మీద తిప్పి బరువైన వైపు గీరేస్తారు.

ఇక్కడ చాలామంది చేసే పని, అదురుతోంది కదా అని ఇంకో నాలుగు బోల్టులు, ఇంకో రెండు ఆనుడు కడ్డీలు బిగించడం. అది ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. కట్టడం సహజపు ఊపు తిరిగే వేగానికి కొంచెం కింద ఉన్నప్పుడు బిగిస్తే ఆ ఊపు పెరిగి సరిగ్గా వేగం దగ్గరికి చేరుతుంది, ఇంతకు ముందు కంటే ఘోరంగా అదురుతుంది. కాలిన మోటారు తీసేసి వేరే కంపెనీ మోటారు, అదే హెచ్‌పీ, అదే వేగం, పెడితే అదిరిపోవడం కూడా ఈ కారణం వల్లే. బరువు మారింది, ఊపు మారింది. తిరిగే వేగానికీ సహజపు ఊపుకూ మధ్య కనీసం 15–20 శాతం ఎడం ఉండేలా చూడటం ఇంజనీర్ల పద్ధతి. వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ డ్రైవులు వచ్చాక ఈ జాగ్రత్త మరీ ఎక్కువైంది, ఎందుకంటే వేగం మారుతూ పోతే ఎక్కడో ఒక చోట ఊపు కలుస్తుంది. ఆ చోటు దగ్గర పంపు ఆగి నడవకుండా డ్రైవులోనే దాటవేస్తారు. అయినా వీఎఫ్‌డీని ఎవరూ వదులుకోరు. వేగం 80 శాతానికి తగ్గిస్తే ఒరిపిడి మాత్రమే ఎదురయ్యే పైపులో కరెంటు దాదాపు సగానికి పడుతుంది, మూడో ఘాతం లెక్క అది.

వేగం మార్చలేం, కట్టడం మార్చలేం అన్న చోట ఏం చేయాలి? జర్మనీలో హెర్మన్ ఫ్రాం 1909లో దీనికి విచిత్రమైన జవాబు చెప్పాడు. అదిరే యంత్రానికి ఇంకో చిన్న అదిరే యంత్రాన్ని తగిలించమన్నాడు. ఒక స్ప్రింగు లేదా బద్ద, చివర బరువు. దాని సహజపు ఊపు సరిగ్గా పెద్ద యంత్రం అదిరే వేగానికి సరిపోవాలి. అప్పుడు ఆ చిన్న బరువు విపరీతంగా ఊగుతుంది, పెద్ద యంత్రం నిలకడగా ఉంటుంది. మోటారు ఒకవైపు తోసిన క్షణంలోనే చిన్న బరువు దాన్ని రెండోవైపు లాగుతుంటుంది. నిలువు పంపుల మోటారు తలపై ఇలాంటి బద్ద బిగించి అదురు తగ్గించడం ఇప్పుడు తెలిసిన పద్ధతే. దీనికి ఒక బలహీనత ఉంది. వేగం కాస్త అటూ ఇటూ అయితే పనిచేయదు, పైగా చెరుపు చేస్తుంది. 1928లో ఆర్మండ్రాయిడ్, డెన్ హార్టాగ్ అనే ఇద్దరు ఆ చిన్న బరువుకు కొంత డంపింగ్, అంటే ఊపును వేడిగా మార్చే ఒరిపిడి జత చేస్తే విస్తారమైన వేగాల్లో పనిచేస్తుందని, ఎంత జత చేయాలో కూడా లెక్కతో చూపారు. ఎక్కువ పెట్టినా చెడే, తక్కువ పెట్టినా చెడే.

ఈ సూత్రాన్ని చూడటానికి పంప్‌హౌస్‌కు పోనక్కర్లేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి బయల్దేరే హైటెన్షన్ తీగెలను టవర్ దగ్గర పరికించండి. తీగెకు కింద చిన్న కడ్డీ, రెండు చివర్లా రెండు ముద్దలు వేలాడుతుంటాయి. తీగెను పిట్టల నుంచి కాపాడే సామాను అనుకునేవాళ్లున్నారు. అవి స్టాక్‌బ్రిడ్జ్ డంపర్లు, 1920ల్లో కాలిఫోర్నియా విద్యుత్ ఇంజనీరు జార్జి స్టాక్‌బ్రిడ్జ్ ఆలోచన. మెల్లని గాలికి తీగె సన్నగా వణికి, ఏళ్ల తరబడి వణికి, బిగింపు దగ్గర తెగుతుంది. ముద్దలు ఊగుతుంటే ముద్దలను మోసే పేనిన కడ్డీ పోగులు ఒకదానితో ఒకటి రాసుకుని ఆ శక్తిని వేడిగా మార్చేస్తాయి.

నిలువు పంపు ఇరుసు మాటకొస్తే దాన్ని మధ్యమధ్యలో పట్టుకునే బేరింగులు నీటిలోనే ఉంటాయి. నదినీటిలో ఇసుక తప్పదు. కంచు బుష్‌ను ఇసుక నమిలేస్తుంది. దీని విరుగుడును 1920ల్లో కాలిఫోర్నియా గని ఇంజనీరు చార్లెస్ షెర్వుడ్ చేతికందిన వస్తువుతో కనిపెట్టాడు. అరిగిపోయిన బుష్ స్థానంలో ఓ ముక్క రబ్బరు గొట్టం తొడిగాడు. అది కంచు కంటే ఎక్కువ కాలం నిలిచింది. ఇసుక రేణువు వస్తే రబ్బరు లొంగి దాన్ని దొర్లనిస్తుంది, గాడి వెంట నీరు కడిగేస్తుంది. గట్టిది అరిగిన చోట మెత్తనిది నిలవడం ఈ శాస్త్రంలో తరచూ ఎదురయ్యే సంగతి. అదే రబ్బరు ఇరుసు వణుకును కూడా కొంత తనలోకి తీసుకుంటుంది. నీరు లేకుండా కొన్ని నిమిషాలు తిరిగితే మాత్రం కాలిపోతుంది, అందుకే మోటారు వేయడానికి ముందు పైనుంచి నీరు పోయాలన్న నియమం.

నేల సంగతి చెప్పకుండా మెట్ట పంపు కథ పూర్తి కాదు. నందిగామ చుట్టుపక్కల పత్తి, మిరప పండే నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దాని మీద పోసిన పంపు దిమ్మె కూడా ఏటా కొంచెం లేస్తుంది, కొంచెం దిగుతుంది. మోటారు, పంపు వేరువేరుగా ఉండి మధ్యలో కప్లింగు ఉంటే, రెండు ఇరుసుల వరస మిల్లీమీటరులో చిన్న భాగం తప్పినా చాలు, కప్లింగు రబ్బర్లు నలుగుతాయి, బేరింగు వేడెక్కుతుంది. ఇదే కష్టం స్వీడన్‌లో ఒక బట్టల మిల్లుకు వచ్చింది. గోథెన్‌బర్గ్‌లో ఆ మిల్లు బంకమట్టి నేల మీద ఉండేది, నేల కదిలి ఇరుసులు వంకర పోయేవి. అక్కడి ఇంజనీరు స్వెన్ వింగ్‌క్విస్ట్ 1907లో లోపలి వలయం కొంత వాలినా తిరిగే బాల్ బేరింగును రూపొందించాడు. ఎస్‌కేఎఫ్ కంపెనీ పుట్టుక అదే. మన రైతుకు తక్కువ ఖర్చులో దొరికిన విరుగుడు మోనోబ్లాక్. ఒకే ఇరుసు మీద మోటారూ ఇంపెల్లరూ ఉంటే వరస తప్పే ప్రసక్తే లేదు. పెద్ద యంత్రాలకు దిమ్మె బరువే రక్ష. తిరిగే యంత్రమైతే దాని బరువుకు మూడు రెట్లు, ఆయిల్ ఇంజనులా ముందుకూ వెనక్కూ కొట్టే యంత్రమైతే ఐదు రెట్లు కాంక్రీటు పోయాలన్నది పాత లెక్క, ఇప్పటికీ మంచి లెక్కే.

రోగం పట్టుకోవడానికి మెకానిక్ చేసేది మీరు చూసే ఉంటారు. స్క్రూడ్రైవర్ కొనను బేరింగు మీద పెట్టి పిడిని చెవి దగ్గర ఎముకకు ఆనిస్తాడు. సెన్సార్ చేసేది కూడా అదే, కాకపోతే అంకెల్లో చెబుతుంది. సెకనుకు 48 సార్లు వచ్చే అదురు అంటే 2,900 చుట్ల మోటారులో సమతూకం తప్పింది. దానికి రెట్టింపు దగ్గర శిఖరం కనిపిస్తే చాలాసార్లు వరస తప్పినట్టు. ఆరు రెక్కల ఇంపెల్లర్‌లో 290 దగ్గర వస్తే రెక్కకూ కేసింగుకూ మధ్య గొడవ. ఇంకా పైన, సన్నని కీచు దగ్గర, బేరింగు గుండు పగులు. కలగలిసిన మోతను ఇలా విడదీసే గణితం ఫోరియేది, దాన్ని కంప్యూటరుకు సులువు చేసింది 1965లో కూలీ, టూకీ ఇచ్చిన పద్ధతి. అంతర్జాతీయ ప్రమాణాల్లో అదురును సెకనుకు మిల్లీమీటర్లలో కొలుస్తారు. గట్టి దిమ్మె మీది మధ్యరకం మోటారుకు 2.8 దాకా పర్వాలేదు, 4.5 దాటితే ఆపి చూడాలి.

ఎత్తిపోతలలో ఇంకొక దెబ్బ ఉంది, అది తిరిగేటప్పుడు కాదు, ఆగేటప్పుడు. కరెంటు పోయిన క్షణంలో పొలం పంపు ఫుట్ వాల్వు దగ్గర ధబ్‌మన్న చప్పుడు వినే ఉంటారు. కిలోమీటర్ల పైపులో అదే జరిగితే? మాస్కో నీటి పైపులపై ప్రయోగాలు చేసి జుకోవ్‌స్కీ 1898 నాటికి లెక్క తేల్చాడు. పైపులో సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీటిని ఉన్నపళంగా ఆపితే, సుమారు 100 మీటర్ల ఎత్తు నీటి పీడనం అదనంగా పుడుతుంది. రెండు మీటర్ల వేగమైతే రెండు వందలు. ఉక్కు గొట్టమైనా పగలగలదు. ఇక్కడ కాపాడేది గాలి. పంప్‌హౌస్ బయట నిలబెట్టిన పెద్ద ట్యాంకులో పైసగం గాలి, కిందిసగం నీరు. కరెంటు పోగానే ఆ గాలి వ్యాకోచించి నీటిని పైపులోకి తోస్తూ ప్రవాహాన్ని మెల్లగా ఆగనిస్తుంది, నీరు వెనక్కి వచ్చినప్పుడు నలిగి ఆ దెబ్బను పుచ్చుకుంటుంది.

ఇదే గాలిబుడ్డి ఇంకో రూపంలో సిమెంటు ఫ్యాక్టరీలోనూ ఉంది. జగ్గయ్యపేట మెట్టలో నీరు లోతున ఉన్నా సున్నపురాయి పైనే ఉంది. దాన్ని చూసే 1980ల్లో జయంతిపురానికి మద్రాస్ సిమెంట్స్ వచ్చింది, 2013 నుంచి అది రాంకో సిమెంట్స్. ముక్త్యాల వైపు కె.సి.పి. కర్మాగారం వచ్చింది. ఈ కాలపు సిమెంటు పరిశ్రమలో రాయిని పిండి చేయడానికి ఎక్కువగా వాడేది నిలువు రోలరు మిల్లు. మూలం 1920ల చివర బెర్లిన్‌లో లోషే తయారు చేసిన బొగ్గు మిల్లు. తిరిగే పెద్ద పళ్లెం, దాని మీద రాతిపొర, ఆ పొరను అదిమే రోలర్లు, కింద నుంచి వేడిగాలి. బరువు చాలదు కాబట్టి రోలర్లను హైడ్రాలిక్ సిలిండర్లు కిందికి లాగుతాయి. ఆ సిలిండర్లలోకి నూనెను తోసే పంపుల్లో పిస్టన్లు ఎక్కువగా ఏడో తొమ్మిదో ఉంటాయి, సరిసంఖ్యలో పెట్టరు. బేసి సంఖ్యైతే ఒక పిస్టన్ దెబ్బ ఇంకోదాని దెబ్బతో కలవక, నూనె ప్రవాహంలో ఎగుడుదిగుళ్లు చిన్నవవుతాయి.

రోలరు కింద గట్టి రాయి పడిందంటే అది ఎగరాలి. నూనె నలగదు, కాబట్టి రోలరుకు ఎగరడానికి చోటు లేక మిల్లంతా అదిరి, గేరుబాక్సు పళ్లు దెబ్బతింటాయి. అందుకని ప్రతి సిలిండరుకూ ఒక ఉక్కు బుడ్డి తగిలిస్తారు. లోపల రబ్బరు సంచి, సంచిలో నైట్రోజన్. రోలరు లేస్తే నూనె బుడ్డిలోకి పోయి గ్యాసును నలుపుతుంది, దిగితే గ్యాసు నూనెను వెనక్కి తోస్తుంది. గ్యాసు పీడనం నూనె పీడనంలో ఎంత భాగం ఉండాలన్నదే మిల్లు నడిపేవాళ్ల నేర్పు. ఎక్కువైతే బుడ్డి ఉన్నా లేనట్టే, తక్కువైతే రోలరు గెంతుతుంది. సంచి చిరిగితే మిల్లు ఆ షిఫ్టులోనే చెప్పేస్తుంది.

రాతిపొర నిలకడ మాత్రం చాలావరకు నీటి మీద ఆధారపడుతుంది. మరీ పొడి పిండి పళ్లెం మీద జారిపోతుంది, రోలరు కింద పొర పలచబడి ఇనుము ఇనుమును తాకే దాకా వస్తుంది. అందుకని రోలరు ముందు ఒక చిన్న పంపు సన్నగా నీరు చల్లుతూ ఉంటుంది. ఆ పొర కాస్త ముద్దకట్టి నిలబడుతుంది. వేల కిలోవాట్ల మోటారుతో నడిచే యంత్రం నిలకడ కొన్ని కిలోవాట్ల నీటి పంపు చేతిలో ఉంటుంది. మిల్లు అదిరి ట్రిప్ అయిందని కంట్రోలు రూములో ఎర్రదీపం వెలిగినప్పుడు, అనుభవమున్న ఇంజనీరు గేరుబాక్సు దగ్గరికి పరిగెత్తడు. ముందు నాజిల్‌లో నీరు వస్తోందా చూస్తాడు, తర్వాత బెల్టు మీద రాయి ఎడతెగకుండా వస్తోందా చూస్తాడు, ఆ తర్వాతే నైట్రోజన్ గేజి తీసుకుని బుడ్డుల దగ్గరికి వెళతాడు.